పవర్ స్ప్రేయర్ వేడెక్కితే మిస్ కొట్టి ఆగిపోతాంది: కాయిలా, కార్బొరేటరా?

పరకాల_పత్తిచేను:

వీపుకు వేసుకునే టూ స్ట్రోక్ పవర్ స్ప్రేయర్, 26 సీసీ. పొద్దుగాల చల్లగున్నప్పుడు రెండు గుంజుళ్లకే స్టార్ట్ అయితది. మొదటి ట్యాంకు మందు బానే కొడ్తది. రెండో ట్యాంకు సగంకొచ్చేసరికి మిస్ కొట్టుడు మొదలైతది. ఎక్స్‌లేటర్ పెంచితే ఇంకా ఎక్కువైతది, ఆఖరికి బంద్ అయితది. ఇగ ఎంత గుంజినా లేవది. నీడల అర్ధగంట పెడితే ఏం కానట్టే మళ్ల స్టార్ట్ అయితది.

ప్లగ్ కొత్తది, ఎన్‌జీకే బీపీఎంఆర్7ఏ. కార్బొరేటర్ (పెట్రోల్, గాలి కలిపి ఇంజన్‌కు పంపేది) విప్పి కడిగిన, ఎయిర్ ఫిల్టర్ స్పాంజి కడిగిన. డబ్బా మీద రాసినట్టే లీటరు పెట్రోల్‌కు 40 ఎం.ఎల్. 2టీ ఆయిల్ పోస్తున్న. ఒక షాపుల కార్బొరేటర్ మొత్తం మార్చుమంటున్నరు, ఇంకో షాపుల కాయిల్ (ప్లగ్‌కు స్పార్క్ కరెంటు ఇచ్చేది) పోయిందంటున్నరు. పత్తికి పచ్చదోమ మొదలైంది, రెండూ కొనేటట్టు లేదు. ఏది ముందు చూడాలె?

టూస్ట్రోక్_హన్మకొండ:

అన్నా, ఇప్పుడే ఏదీ కొనకండి. మిషన్ బంద్ అయిన నిమిషంల స్పార్క్ చూడాలె. చల్లారినంక చూస్తే లాభం లేదు, ఎట్లాగూ వస్తది.

దానికి ఇంకో ప్లగ్ జేబుల పెట్టుకోండి, పాతదైనా ఫర్వాలేదు. బంద్ కాంగనే ప్లగ్ క్యాప్ పీకి ఆ రెండో ప్లగ్‌కు పెట్టి, దాని ఇనుప ఒంటిని సిలిండర్ రెక్కలకు గట్టిగ ఆనించండి. ఇంజన్‌ల ఉన్న ప్లగ్ విప్పొద్దు. విప్పితే ఆ బొక్కల నుంచి పెట్రోల్ తుంపర బయటికొస్తది, పక్కన స్పార్క్ పడితే అంటుకుంటది. క్యాప్‌ను ప్లాస్టిక్ పిడి ఉన్న పటకారుతో పట్టుకోండి, స్విచ్ ఆన్‌లనే ఉందా చూసుకోండి, అప్పుడు తాడు గుంజండి. ఎండల స్పార్క్ కనపడది, నీడకు పొండి.

నీలంగ, చిటుక్కుమని చప్పుడొచ్చేటట్టు పడితే కరెంటు వైపు బాగున్నట్టే, పెట్రోల్ వైపు పోవాలె. పసుపు ఎరుపు కలిసినట్టు సన్నగ పడితే బలం లేనట్టు. బయటి గాలిల దుంకిన స్పార్క్ సిలిండర్ లోపల కంప్రెషన్ కింద దుంకుతదని గ్యారంటీ లేదు. అందుకే 5, 6 ఎం.ఎం. గ్యాప్ ఉండే స్పార్క్ టెస్టర్ దొరికితే ఇంకా నయం.

అసలే స్పార్క్ లేకపోతే వెంటనే కాయిల్ అనకండి. ఆ కాయిల్‌కు స్టాప్ స్విచ్ నుంచి ఒక సన్న వైరొస్తది. ఆ వైరు ఇంజన్ బాడీకి తగిలితే స్పార్క్ బంద్, ఆఫ్ చేసుడంటే గదే. హ్యాండిల్ దగ్గర, ఇంజన్ కవర్ అంచు దగ్గర రాపిడికి తొడుగు పోయి రాగి బయటపడితే, వైబ్రేషన్‌కు తాకుతూ పోతూ మిస్ కొడ్తది. కాయిల్ దగ్గర ఆ ఒక్క వైరు పీకి మళ్ల గుంజండి. స్పార్క్ వచ్చిందంటే వైరు, స్విచ్ మారిస్తే సరిపోతది. వైరు పీకి నడిపితే స్విచ్‌తో ఆగది, చోక్ మూసి ఆపాలె. ఇది ముందే యాదికుంచుకోండి.

నర్సంపేట_మిర్చి:

పై మాటకు అడ్డం కాదు గానీ, అర్ధగంట ఆగితే స్టార్ట్ అయ్యే ప్రతిదీ కాయిలే కాదు. పెట్రోల్ ట్యాంకు మూతల గాలి బొక్క మూసుకపోయినా అచ్చం గిట్లనే అయితది. పెట్రోల్ తగ్గిన కొద్దీ లోపల గాలి గుంజుకపోయి, కార్బొరేటర్‌కు రాకుండ పట్టుకుంటది. కాసేపు పెడితే గాలి మెల్లగ లోపలికి పోయి మళ్ల నడుస్తది. బంద్ కాంగనే మూత వదులు చెయ్యండి. ఉస్సుమని గాలి లోపలికి పోయి, రెండు గుంజుళ్లకే లేస్తే మూతదే తప్పు. పెట్రోల్‌తో కడగండి. సూదితో బొక్క పెద్దగ చెయ్యకండి, లోపల చిన్న రబ్బరు వాల్వ్ ఉంటది, చిరిగితే వీపు మీద పెట్రోల్ కారుతది.

బంద్ అయ్యే తీరు కూడ చూడండి. పెట్రోల్ అందక ఆగితే ముందు స్పీడు కిందమీద అయి, గొంతు జీరబోయి ఆగుతది. కరెంటు పోతే స్విచ్ ఆపినట్టు టక్కున ఆగుతది.

ఇప్పుడు బంకుల దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. వానకాలం సగం డబ్బా ఖాళీగ పెడితే గాలిల తేమను గుంజుకుంటది, ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగుతయి. అనుమానముంటే గాజు సీసాల పోసి పెట్టండి, అడుగున వేరే పొర కనపడితే పారబోసుడే. నిరుడు మిగిలిన పెట్రోల్ అయితే ఆ పరీక్ష కూడ వద్దు, పారబోసుడే.

పరకాల_పత్తిచేను:

ఇయ్యాల చూసిన. బంద్ కాంగనే మూత వదులు చేసిన, ఉస్సు లేదు, ఏం లేదు. రెండో ప్లగ్ పెట్టి గుంజితే స్పార్క్ అసలే లేదు. స్టాప్ వైరు పీకినా రాలేదు. చల్లారినంక స్పార్క్ వచ్చింది, కానీ పసుపు పచ్చగ ఉంది. అంటే కాయిలేనా? మల్టీమీటర్ పెడితే తెలుస్తదా?

టూస్ట్రోక్_హన్మకొండ:

తొంబై పాళ్లు కాయిలే. లోపలి సన్న తీగ మీద పూత పగులుతది, లేకపోతే తీగె ఎక్కడో విరుగుతది. వేడికి వ్యాకోచించి అక్కడ ఎడం వస్తది, చల్లారితే మళ్ల తాకుతది. అంతా గట్టి రెసిన్‌ల పోసి ఉంటది కాబట్టి రిపేర్ లేదు.

మీటర్‌ను పూర్తిగ నమ్మకండి. ప్లగ్ వైరు చివర నుంచి కాయిల్ ఇనుప పట్టీలకు పెడితే మోడల్‌ను బట్టి కొన్ని వేల ఓములు రావాలె, అసలే కదలకపోతే తెగినట్టు. చల్లగున్నప్పుడు మంచిగ చూపించి వేడికి తెగే కాయిల్ బాగా ఉంటది. కొలిస్తే వేడి మీదనే కొలవాలె. స్టాప్ వైరు వచ్చే మొదటి తీగ (ప్రైమరీ) దిక్కు కొలిస్తే ఏం తెలువది, మధ్యల ఎలక్ట్రానిక్ ముక్క ఉంటది.

కొనేముందు ఇంకో రెండు, ఇవి పైసల్లేని పని. ఒకటి ప్లగ్ క్యాప్. లోపలి స్ప్రింగ్‌కు చిలుము పట్టిందా, రబ్బరు మీద సన్నటి నల్ల గీత ఉందా? ఉంటే స్పార్క్ అక్కడి నుంచే బాడీకి దుంకుతాంది. మందు నీళ్లు ఎండి తెల్లగ పట్టినా గట్లనే లీకైతది.

రెండోది ఇంజన్‌తోని తిరిగే మ్యాగ్నెట్ చక్రానికి, కాయిల్ పట్టీలకు నడుమ గ్యాప్. 0.3 ఎం.ఎం. ఉండాలె. బోల్టులు వదులై జరిగితే స్పార్క్ పసుపు పడ్తది. పట్టీల తుప్పు సన్న ఇసుక కాగితంతో గీకండి. అయస్కాంతం కాయిల్ ఎదురుకొచ్చేటట్టు చక్రం తిప్పి, నడుమ విజిటింగ్ కార్డు పెట్టి, అయస్కాంతం గుంజుకున్నట్టే వదిలి రెండు బోల్టులు బిగించండి. కార్డు తీసి చక్రం చేత్తో రెండు చుట్లు తిప్పితే ఎక్కడా రాసుకోవద్దు.

గ్యాప్ సరిచేసినంక కూడ వేడికి ఆగితే కాయిల్ కొనండి. పాతది విప్పి షాపుకు పట్టుకపోండి. చూపుకు ఒక్క తీరే ఉంటయి గానీ బోల్టు బొక్కల నడిమి దూరం, పట్టీల వంపు తేడా ఉంటయి.

జనగామ_వర్క్‌షాప్:

కాయిల్ మార్చి ఊకుంటే కొత్తది కూడ పోతది. ఎందుకు పోయిందో చూడండి. సిలిండర్ రెక్కల నడుమ దుమ్ము, ఆయిల్, పత్తి దూది కలిసి ముద్దగ పడుతయి, పైన కవర్ ఉండుటవల్ల కనపడది. ఫ్యాన్ గాలి రెక్కలకు తగలక వేడంతా కాయిల్‌కు పోతది. కవర్ విప్పి బ్రష్‌తో తీయండి, ముందు మాస్కు కట్టుకోండి, ఆ దుమ్ముల మందు ఉంటది.

ప్లగ్ గ్యాప్ కూడ కొలవండి. 0.6 నుంచి 0.7 ఎం.ఎం. చాలు. ఎక్కువ తెరిస్తే అంత ఎడం దుంకనీకి కాయిల్ ఎక్కువ వోల్టేజీ పుట్టించాలె, ఆ దెబ్బకే లోపలి పూత పగులుతది. బీపీఎంఆర్‌ల ఆర్ అంటే రెసిస్టర్ ఉన్న ప్లగ్, ఎలక్ట్రానిక్ కాయిల్‌కు అదే పెట్టండి. ఎన్‌జీకేల అంకె పెరిగితే చల్లటి ప్లగ్, బాష్‌ల దానికి ఉల్టా. అంకె చూసి దాని బదులు ఇది పెట్టకండి.

అందరూ అడగకుండనే వదిలేసే సంగతి ఒకటి: ఖాళీగ ఫుల్ ఎక్స్‌లేటర్ ఇస్తే బొర్ర్ బొర్ర్ అని తప్పుతూ మోగేది మిస్ కాదు. మిశ్రమం చిక్కగ ఉండి ఒక చుట్టు విడిచి ఒక చుట్టు మండుతాంది. పంపు లోడు పడంగనే గొంతు సాఫ్ అయితే దాన్ని ముట్టకండి. ఆ మోత పోవాలని కార్బొరేటర్ స్క్రూ తిప్పి పల్చగ చేస్తే పిస్టన్ పట్టేస్తది.

తాడు గుంజినప్పుడు ఎదురు కొట్టినా, కార్బొరేటర్ దిక్కు పేలినా మ్యాగ్నెట్ చక్రం విప్పి దాని కీ చూడండి. చక్రం జరగకుండ పట్టుకునే చిన్న ముక్క, కొంచెం తెగినా టైమింగ్ జరుగుతది, స్పార్క్ మంచిగనే ఉంటది గానీ వేళ కాని వేళ పడ్తది. మీ మిషన్ ఎదురు కొడ్తలేదు గనుక అది ఇప్పుడు విప్పక్కర లేదు.

కొత్త కాయిల్ బిగించేటప్పుడు అది కూర్చునే చోటు గీకి శుభ్రం చెయ్యండి, ఎర్త్ అక్కడి నుంచే పోవాలె. బోల్టులకు స్ప్రింగ్ వాషర్ గానీ నీలి రంగు లాక్ జిగురు ఒక చుక్క గానీ తప్పనిసరి. టెస్టుకు ట్యాంకుల మందు పోయకుండ ఉత్త నీళ్లు పోసి పూర్తి ప్రెషర్ మీద కొట్టండి. నీళ్లు లేకుండ పంపు తిప్పితే సీల్లు కాలుతయి. లోడు లేకుండ తిప్పితే ఇంజన్ వేడెక్కది, కాయిల్ పోయిందా లేదా తేలది. రెండు ట్యాంకులు ఆగకుండ నడిపి, ఆపిన వెంటనే ఒక్క గుంజుడుకు లేస్తదా చూడండి.