అప్‌డేట్: వార్డర్ల శిక్షణ ఎలా జరిగిందంటే

ఖైదీల మానసిక గాయాల గురించి మహిళా జైలు వార్డర్లకు ఎలా చెప్పాలని నెల క్రితం అడిగాను. పాఠంతో కాదు, ఖైదీల ఒళ్లు తడిమి చూసే తనిఖీతో మొదలుపెట్టమని మీలో ఒకరు అన్నారు. నేను వినలేదు. మొదటి రోజు మెదడు, భయం అంటూ స్లైడ్లు వేశాను. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవారు హాయిగా కునికారు.

రెండో రోజు వార్డర్లనే ఖైదీలుగా నిలబెట్టాను. మొదట వెనుక నుంచి, మాటా పలుకూ లేకుండా తనిఖీ. తర్వాత ఎదురుగా నిలబడి, ‘ఇప్పుడు భుజాలు చూస్తాను’ అని చెబుతూ తనిఖీ. వెనుక నుంచి చెయ్యి పడగానే ఒకావిడ ఉలిక్కిపడి ఆ చేతిని విసిరికొట్టింది. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన మనిషి అరిస్తే అది పొగరు కాకపోవచ్చని నేను వేరే చెప్పనక్కరలేకపోయింది.

బట్టలు విప్పించే తనిఖీకి బదులు స్కానర్ల వంటివి వాడాలని మహిళా ఖైదీల కోసం 2010లో వచ్చిన ఐక్యరాజ్యసమితి బ్యాంకాక్ నియమాలు అంటున్నాయని వాళ్లకు చెప్పాను. ‘స్కానర్ ఎక్కడుంది మేడమ్?’ అన్నారు ఒక సీనియర్. న్యాయమైన ప్రశ్నే. ముందుగా చెప్పి చెయ్యి వేయడానికి మాత్రం బడ్జెట్ అక్కరలేదు కదా అన్నాను.

నన్ను ఇరుకున పెట్టింది మరో మాట. ఉరి వేసుకున్న ఖైదీని కిందకు దించిన వార్డర్ మర్నాడే డ్యూటీకి వచ్చిందట, ఎవరూ పలకరించలేదట. వచ్చే వారం ఒక పూట అంతా ఆ విషయానికే.