మాల్టా కార్తీక వనభోజనాలు: నడక, అట్టలు, బస్సు, వంటలు

నడక బాధ్యత:
మాల్టాలోని తెలుగువాళ్లందరికీ నమస్కారం. పోయిన ఏడాది బస్కెట్ తోటలో పులిహోర తిని, అంత్యాక్షరి పాడుకుని ఇళ్లకు వచ్చేశాం. ఈసారి భోజనాలకు ముందు రెండు గంటలు రబాత్, ఇమ్దీనా ఊళ్ల చుట్టూ నడుద్దామని కమిటీ ఒప్పుకుంది. విషయం, ఈ ద్వీపంలోని యూదుల చరిత్ర. మొదట రబాత్‌లో సెయింట్ పాల్ భూగర్భ సమాధులు. అక్కడ కొన్ని యూదులవి. ఏడు కొమ్మల దీపస్తంభాన్ని, అంటే మెనోరాను, రాతి మీద గీశారు. రోమన్ల చివరి కాలం నాటి గీత అది. చేయి తిరిగిన శిల్పి పనిలా ఉండదు, ఇంటి మనిషి ఎవరో ఉలి పట్టుకుని గీసినట్టుంటుంది. పిల్లలను అక్కడే ఎక్కువసేపు నిలబెట్టాలని నా కోరిక. మెట్లు ఇరుకు, లోపల తల వంచాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు పైనే కూర్చోవచ్చు.

వంటల బాధ్యత:
కార్తీకమాసం కదా, ఆ దీపస్తంభం ముందు నాలుగు ప్రమిదలు వెలిగిస్తే బాగుంటుంది అంటున్నారు మా ఇంట్లో.

నడక బాధ్యత:
వద్దండి. అది సమాధి, పైగా నేల కింద ఉన్న పురావస్తువు. ప్రమిదలు తోటలో కూడా కుదరవేమో, ముందే అడిగి తెలుసుకుందాం.

అట్టల బాధ్యత:
పిల్లలు పట్టుకునే అట్టల మీద రాయడానికి ఇలా అనుకుంటున్నాను. సరిచూడండి.
"1240 ప్రాంతంలో రాజుగారి అధికారి పంపిన లెక్క ప్రకారం మాల్టాలో 25, పక్క ద్వీపం గోజోలో 8 యూదు కుటుంబాలు ఉండేవి. 1492లో యూదులు ద్వీపం వదిలి వెళ్లిపోయారు. బ్రిటిష్ వారి కాలంలో తిరిగి వచ్చారు."

నడక బాధ్యత:
మొదటి వాక్యం బాగుంది. ఆ అధికారి పేరు గిలిబెర్తో అబ్బాతే, అది కూడా రాయండి. మిగిలిన రెండు వాక్యాల్లో రెండు క్రియలూ తప్పు. కోప్పడుతున్నానని అనుకోకండి, అట్ట మీద మూడే వాక్యాలు ఉన్నప్పుడు ఒక్కో క్రియ మీద చాలా బరువు పడుతుంది.

"వెళ్లిపోయారు" కాదు, వెళ్లగొట్టారు. అప్పట్లో మాల్టా సిసిలీతో పాటు అరగాన్ రాజు ఫెర్డినాండ్ ఏలుబడిలో ఉంది. స్పెయిన్‌లో ఇచ్చిన ఉత్తర్వే ఇక్కడికీ వచ్చింది. మతం మారితే ఉండవచ్చు, లేకపోతే గడువులోగా ఓడ ఎక్కాలి. వాళ్లు నిన్నా మొన్నా వచ్చి దిగినవాళ్లు కారు. ఇంట్లో మాట్లాడింది ఇక్కడి అరబ్బీయే, రాసుకున్నది హీబ్రూ అక్షరాలతో. అలా రాసిన కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. గాడ్‌ఫ్రీ వెటింగర్ అనే మాల్టా చరిత్రకారుడు వాటి మీద ఎంతో పని చేశారు.

"తిరిగి వచ్చారు" కూడా కాదు. వెళ్లినవాళ్ల మనవలేమీ రాలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చినవాళ్లు జిబ్రాల్టర్, ఇంగ్లండ్, ఉత్తర ఆఫ్రికాల నుంచి వచ్చిన వేరే కుటుంబాలు. 1846లో వచ్చిన రబ్బీ, అంటే వాళ్ల మతగురువు, ట్రిపోలీ మనిషి.

బస్సు బాధ్యత:
మరి మధ్యలో మూడు వందల ఏళ్లు ఎవరూ లేరా?

నడక బాధ్యత:
ఉన్నారు, సంకెళ్లలో. 1530 నుంచి 1798 దాకా మాల్టాను ఏలిన నైట్లు, అంటే క్రైస్తవ యోధుల సంఘం వాళ్లు, సముద్రంలో ఓడలను పట్టుకుని, అందులోని ముస్లింలను, యూదులను బానిసలుగా తెచ్చి అమ్మేవారు. వెనిస్‌లోని యూదులు చందాలు పోగు చేసి విడిపించడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. డబ్బు వస్తుందని తెలిశాక అమ్మేవాళ్లు ధర పెంచడమూ మామూలే. నైట్లను దించిన నెపోలియన్ 1798 జూన్‌లో బానిసత్వం రద్దు చేశాడు.

కల్కారాలో చిన్న శ్మశానం ఒకటి ఉంది. 1784లో ఇటలీలోని లివోర్నో యూదులు బానిసలను విడిపించే నిధితోనే దాన్ని ఏర్పాటు చేశారు. విడిపించడానికి దాచిన డబ్బులో కొంత పూడ్చిపెట్టడానికి అయిందన్నమాట. ఆ రోజు అక్కడికి వెళ్లే వీలు లేదు, కానీ ఈ ముక్క అట్ట మీద ఉండాలి.

అట్టల బాధ్యత:
సరే, తిరగరాస్తాను. "వెళ్లగొట్టారు" ఎర్ర సిరాతో రాయనా?

నడక బాధ్యత:
నల్ల సిరా చాలు.

అట్టల బాధ్యత:
పిల్లలకు కథలాంటిది ఏమైనా ఉందా?

నడక బాధ్యత:
ఉంది. స్పెయిన్‌లోని జరగోసాలో పుట్టిన యూదు మార్మికుడు అబ్రహాం అబులాఫియా. 1280లో పోప్‌ను కలుస్తానని బయల్దేరాడు. వస్తే మంటల్లో వేసి కాల్చేయమని పోప్ ఆజ్ఞ. ఈయన వెళ్లేసరికి పోపే చనిపోయాడు! అయినా ఈయనను చెరసాలలో పెట్టారు. నెలరోజుల లోపే బయటపడి సిసిలీ చేరాడు. అక్కడ తోటి పండితులకే ఆయన మాటలు నచ్చలేదు. చివరికి మన పిల్లలు ఈతకు వెళ్లే కొమీనో దీవి మీద ఒంటరిగా ఉండి గ్రంథం రాసుకున్నాడు. ఇది బస్సులో చెప్పండి, సమాధుల దగ్గర వద్దు.

బస్సు బాధ్యత:
సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. మాది చేబ్రోలు వైపు. అక్కడ కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదుల ప్రార్థనాలయం ఉంది. మా నాన్నగారు సైకిల్ మీద చూపించారు. ఇక్కడికి వచ్చాక యూదులెవరని అడిగితే ఆ గోడ గుర్తుకొచ్చింది.
ఇక పని సంగతి. డ్యూటీలను బట్టి శనివారం అనుకున్నాం. అలాగే ఉంచనా?

నడక బాధ్యత:
ఆదివారానికి మార్చండి. ఇక్కడి యూదు సమాజం నుంచి ఒక పెద్దాయనను పిలుద్దామనుకుంటున్నాం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. శనివారం పెట్టి ఆయనను బస్సెక్కమంటే, ఏకాదశి నాడు పిలిచి భోజనానికి కూర్చోమన్నట్టే.

వంటల బాధ్యత:
ఆదివారం మాకూ మంచిదే. మరి ఆయన భోజనం?

నడక బాధ్యత:
కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటిస్తే మన ఇళ్లలో వండినది తినకపోవచ్చు, పప్పన్నమైనా సరే. "ఒక్క ముద్ద, మా తృప్తి కోసం" అని ఎవరూ విస్తరి ముందు నిలబడవద్దు. ముఖ్యంగా నాగురించి నాకు తెలుసు కాబట్టి ఇది నాకూ చెప్పుకుంటున్నాను. కోయని నారింజలు, మూత తీయని నీళ్ల సీసా ఇద్దాం.

వంటల బాధ్యత:
పులిహోర ముప్పై మందికి నేను. దద్దోజనం రెండు ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ఉసిరి చెట్టు ఎలాగూ లేదు, ఊరి నుంచి వచ్చిన ఉసిరికాయ పచ్చడి సీసా తెస్తాను. చాపలు మాత్రం ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.