బిల్ విథర్స్ 47 ఏళ్లకే పాటలు ఎందుకు ఆపేశారు?

నైట్‌షిఫ్ట్_శీను:
మొన్న నైట్ డ్యూటీ దిగి బస్సులో వస్తుంటే వెనక సీట్లో ఎవరో అమెరికన్ గాయకుడు బిల్ విథర్స్ పాట ‘లీన్ ఆన్ మీ’ పెట్టారు. ఇంటికొచ్చి ఆయన గురించి చదువుతూ కూర్చుంటే ఇక నిద్రే పట్టలేదు. 1938లో వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టారు, చిన్నప్పటి నుంచీ నత్తి, 13 ఏళ్లకే నాన్న పోయారు, నేవీలో తొమ్మిదేళ్లు చేశాక లాస్ ఏంజెలెస్ వెళ్లి విమానాల టాయిలెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. నాకూ నత్తి ఉంది, ఇప్పటికీ ఫోన్ ఎత్తి హలో అనాలంటే టెన్షన్. అలాంటి మనిషి అంత పైకొచ్చి 1985 ఆల్బమ్‌తో ఆపేశారంటే మింగుడు పడటం లేదు. గొంతు పోయిందా?

పాతరికార్డులు:
గొంతుకేం కాలేదు తమ్ముడూ. 1971లో మొదటి ఆల్బమ్ వచ్చేసరికి ఆయనకు 32 ఏళ్లు, దాని అట్ట మీద ఫొటో చూడు, ఫ్యాక్టరీ దగ్గర చేతిలో టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంటారు. అందులోని ‘ఎయింట్ నో సన్‌షైన్’ పాట హిట్టయ్యాక కూడా ఈ ఫీల్డును నమ్మలేక వెంటనే ఉద్యోగం మానలేదు. మొదట పాడించిన ససెక్స్ చిన్న రికార్డు కంపెనీ, అది మూతపడ్డాక కొలంబియాకు వెళ్లారు, అక్కడ మొదలైంది గొడవ. ఏం పాడాలో వీళ్లు చెప్పడం మొదలుపెట్టారు. ఎల్విస్ పాడిన పాటను మళ్లీ పాడమని ఒకాయన సలహా ఇచ్చాడట, సొంతంగా రాసుకునే మనిషికి! 1978 తర్వాత 1985 దాకా ఆల్బమే లేదు. ఆ మధ్యలోనే, 1980లో, శాక్సఫోన్ వాయించే గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ఆల్బమ్‌లో ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’ పాడితే ఎంత పెద్ద హిట్టో తెలుసుగా. గొంతు పోయినవాడు అలా పాడతాడా?

వీణమ్మ_కాకినాడ:
నేను సంగీతం పాఠాలు చెబుతాను కాబట్టి నా ధ్యాసంతా పాట మీదే. ‘లీన్ ఆన్ మీ’ పల్లవికి ముందు వచ్చే మొదటి లైను హార్మోనియం మీద వాయించి చూడండి, స రి గ మ అని ఎక్కి, మ గ రి స అని దిగుతుంది, అంతే, శంకరాభరణం మెట్లు. కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ పియానో మీద వేళ్లు అలా పైకీ కిందకీ ఆడిస్తుంటే పుట్టిన పాట అది, ఒకరికొకరు సాయంగా బతికిన వాళ్ల ఊరు గుర్తొచ్చి మాటలు రాసుకున్నారు. 1972లో అమెరికాలో నంబర్ వన్. ఇంకోటి, ‘ఎయింట్ నో సన్‌షైన్’లో ‘ఐ నో’ అని 26 సార్లు అంటారు. అక్కడ వేరే మాటలు రాద్దామనుకున్నారట, స్టూడియోలో వాయించేవాళ్లు వద్దు, ఇలాగే ఉండనీ అన్నారు. ఆ చోటుకు వచ్చినప్పుడల్లా నేను కూడా ఊపిరి బిగబట్టి వింటాను.

గోదారి_గట్టు:
తప్పంతా కంపెనీ మీదే వేస్తే ఎలా అన్నా? ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు, పాటల హక్కుల వ్యవహారమంతా భార్య మార్షా చూసుకునేవారు, డబ్బు కోసం స్టేజీలెక్కి తిరగాల్సిన అవసరం లేదు. ఉన్నది చాలనుకున్నారు. 2015లో పేరున్న సంగీతకారుల గౌరవ జాబితా అయిన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు కూడా వచ్చి మాట్లాడారు గానీ, మళ్లీ కచేరీలంటూ మొదలుపెట్టలేదు. 2020 మార్చిలో పోయారు.
శీనూ, నువ్వు ఆయన మీద తీసిన ‘స్టిల్ బిల్’ డాక్యుమెంటరీ తప్పకుండా చూడు, 2009లో వచ్చింది. అందులో ఆయన నత్తి ఉన్న పిల్లలు నాటకాలు వేసేచోటికి వెళ్తారు. వాళ్లను చూసి కళ్లనీళ్లు ఆపుకోలేకపోతారు.

నైట్‌షిఫ్ట్_శీను:
ఇది నాకు తెలియదన్నా. రేపు వీక్లీ ఆఫ్, రేపే చూస్తాను. వీణమ్మగారూ, మా అక్క హార్మోనియం అటక మీద ఉంది, దించి మీరు చెప్పిన స రి గ మ వాయించి చూశాను, నిజంగానే పాట వచ్చేసిందండీ.