నేషన్‌కి సొల్యూషన్ ప్రాస ఎందుకు కాదు? ‘షన్’, ‘ఇటీ’, ‘నెస్’తో ముగిసే ఇంగ్లిష్ పదాల గురించి

పాదచారి అడిగిన ప్రశ్న:

ఇంగ్లిష్‌లో చిన్న చిన్న పద్యాలు రాయడానికి ‘షన్’తో ముగిసే నామవాచకాలు బాగా పనికొస్తాయనుకున్నాను. కావలసినన్ని ఉన్నాయి, చివర అన్నీ ఒకేలా మోగుతాయి. కానీ ఈ రెండు పాదాలు చూసినవాళ్లు ప్రాస కుదరలేదంటున్నారు:

వి కేమ్ టు సర్వ్ ద నేషన్,
అండ్ బ్రాట్ ఎ నైస్ సొల్యూషన్.

రెండు పాదాల్లోనూ ఏడేసి సిలబుల్స్. నడక తప్పలేదు. చివర ‘షన్’ కూడా ఉంది. మరి తప్పెక్కడ? ‘ఇటీ’, ‘నెస్’, ‘మెంట్’ పదాలకూ ఇదే గొడవ ఉంటుందా?

ధ్వనిలిపి జవాబు:

నడకలో తప్పు లేదండీ, ప్రాసలోనే ఉంది. ‘షన్’ కలిస్తే ప్రాస కలిసినట్టు కాదు. ఇంగ్లిష్ ప్రాస చివరి అక్షరాల దగ్గర మొదలవ్వదు, పదంలో ఊనిక (స్ట్రెస్, అంటే గట్టిగా నొక్కి పలకడం) పడే అచ్చు దగ్గర మొదలవుతుంది. ఆ అచ్చు నుంచి పదం చివరిదాకా ప్రతి ధ్వనీ ఒకటే కావాలి. ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. నేషన్‌లో ఊనిక ‘నే’ మీద, సొల్యూషన్‌లో ‘ల్యూ’ మీద. అంటే పోల్చాల్సినవి ‘ఏషన్’, ‘ఊషన్’. మొదటి అచ్చే కలవలేదు, ఇక తర్వాత ఎంత కలిసినా లాభం లేదు.

మన పద్యాల ప్రాసకి ఇది దాదాపు తలకిందులు. మన దగ్గర పాదంలో రెండో అక్షరపు హల్లు కలవాలి, అచ్చు మారినా పట్టింపు లేదు. అక్కడ అచ్చు కలిసి తీరాలి, దాని ముందు హల్లు మారాలి. తెలుగు చెవితో ఇంగ్లిష్ ప్రాస కట్టేవాళ్లు పొరపడేది ఎక్కువగా ఇక్కడే.

‘షన్’ పదాల్లో ఊనిక ఎప్పుడూ ‘షన్’కి సరిగ్గా ముందున్న సిలబుల్ మీదే పడుతుంది. కాబట్టి వాటిని ఆ అచ్చును బట్టి గుంపులు చేసుకోండి. నేషన్, స్టేషన్, ఫౌండేషన్, టెంప్టేషన్, కాన్వర్సేషన్ ఒక గుంపు. మోషన్, లోషన్, నోషన్, డివోషన్ ఇంకొకటి, స్పెల్లింగ్ వేరైనా ఓషన్ కూడా ఇందులోదే. కండిషన్, పొజిషన్, ట్రెడిషన్, పర్మిషన్ పక్కన మ్యుజీషియన్, మెజీషియన్, ఫిజీషియన్ కూడా చేరతాయి. మనం ‘షియన్’ అని సాగదీస్తాం గానీ ఇంగ్లిష్‌లో అవి మ్యుజిషన్, మెజిషన్. డైరెక్షన్, అఫెక్షన్, పర్ఫెక్షన్ ఒక గుంపు. టెన్షన్, పెన్షన్, అటెన్షన్, డైమెన్షన్ మరొకటి. ఒక గుంపులోని పదం ఇంకో గుంపుతో కలవదు.

పాదచారి:

అర్థమైంది. అయితే మొదటి పాదం మారుస్తాను: ‘వి కేమ్ టు ఎండ్ పొల్యూషన్’. ఇప్పుడు రెండూ ‘ఊషన్’ గుంపే కదా?

ధ్వనిలిపి:

గుంపు సరే. కానీ రెండో షరతు తప్పింది. పొ-ల్యూ-షన్, సొ-ల్యూ-షన్: అచ్చుకు ముందున్న హల్లు రెండిట్లోనూ ‘ల’. అప్పుడది ప్రాసలా వినపడదు, ఒకే ముక్కను రెండుసార్లు చెప్పినట్టుంటుంది. ఫ్రెంచి పద్యాల్లో దీన్ని సంపన్న ప్రాస అని మెచ్చుకుంటారు. ఇంగ్లిష్ చెవికి చప్పగా అనిపిస్తుంది. పాటల్లో చెల్లిపోతుంది, కాగితం మీద దొరికిపోతుంది.

రివల్యూషన్, ఎవల్యూషన్, రిజల్యూషన్ పెట్టినా ఇదే చిక్కు, అన్నిట్లోనూ ‘ల’నే. ఇన్‌స్టిట్యూషన్, ఎగ్జిక్యూషన్, కాంట్రిబ్యూషన్ లాంటివి వెతకండి. ఇలా చేస్తే సరిపోతుంది:

వి మేడ్ ఎ కాంట్రిబ్యూషన్,
అండ్ కాల్డ్ ఇట్ ద సొల్యూషన్.

‘ఏషన్’ గుంపులో ఈ ఉచ్చు మరీ పెద్దది. ఎడ్యుకేషన్, లొకేషన్, వెకేషన్, అప్లికేషన్, పబ్లికేషన్, కమ్యూనికేషన్ అన్నిట్లోనూ ఊనిక ‘కే’ మీదే. వీటిలో ఏ రెండు జతచేసినా కొత్త ధ్వని ఉండదు. ఎమోషన్–ప్రమోషన్ కూడా అంతే, రెండూ ‘మో’. ఒక ‘కే’ పదానికి ‘కే’ కానిదాన్ని జోడించండి:

షి టుక్ ద లాస్ట్ ట్రెయిన్ ఫ్రమ్ ద స్టేషన్,
అండ్ కాల్డ్ ఇట్ ఎ లిటిల్ వెకేషన్.

ఇక్కడ తొమ్మిదేసి సిలబుల్స్, మూడేసి ఊనికలు: టుక్, ట్రెయిన్, స్టే, కాల్డ్, లిట్, కే. చివరి ‘షన్’ మీద ఊనిక లేదు, తోకలా మిగిలిపోతుంది. ఆ తోక రెండు పాదాలకీ ఉండాలి. ఒకదానికే ఉంటే పాదం కుంటుతుంది.

నిఘంటువు_పురుగు జవాబు:

పైన చెప్పినవాటికి ఒక హెచ్చరిక. తెలుగు లిపిలో రాసుకుని పోల్చకండి, మోసపోతారు. నేను పట్టుకున్నవి ఇవి.

రేషన్. మనం నేషన్‌తో కలిసేలా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఎక్కువగా వినిపించేది ‘ర్యాషన్’, అది ఫ్యాషన్, ప్యాషన్‌లకు జత. అమెరికాలో ‘రేషన్’ కూడా చెల్లుతుంది గానీ చదివేవాళ్లు ఎలా పలుకుతారో మన చేతిలో లేదు, పాదం చివర వాడకపోవడమే మేలు.

క్వశ్చన్. స్పెల్లింగ్ చూస్తే ‘షన్’ జాతే. పలికితే ‘చన్’. దానికి ముందు ‘స’ ఉంది కాబట్టి అలా మారింది. సజెషన్, డైజెషన్, కంజెషన్ అని మనం రాసేవాటి అసలు ఉచ్చారణలో కూడా ‘స్చన్’ ఉంటుంది. ఈ నాలుగూ ఒక గుంపు, ‘షన్’ పదాలతో కలవవు. వాటిలోనూ చివరి మూడింట్లో ‘జె’నే కాబట్టి క్వశ్చన్‌తోనే జతకట్టండి.

ఈక్వేషన్. దీనికి స్పెల్లింగ్‌లో టి-ఐ-ఓ-ఎన్నే ఉన్నా ధ్వని ‘ష’ కాదు, మెత్తటి ‘జ’కి దగ్గరది. ఇన్వేజన్, పర్స్వేజన్, ఒకేజన్‌లతో కలుస్తుంది, నేషన్‌తో కాదు. విజన్–డెసిజన్–కొలిజన్, ఫ్యూజన్–కన్ఫ్యూజన్–ఇల్యూజన్‌ల విషయంలో మన నోరు ‘జ’ అనే పలుకుతుంది కాబట్టి సొల్యూషన్‌తో కలపాలన్న ఆశ పుట్టదు. వెర్షన్ దగ్గర చూసుకోవాలి: బ్రిటన్‌లో ‘ష’, అమెరికాలో ఆ మెత్తటి ‘జ’.

రసాయనశాస్త్రంలోని క్యాటయాన్ ఒకటుంది. ఎడ్యుకేషన్ తోకే దానికీ ఉంటుంది, కానీ అది అయాన్ జాతి. స్పెల్లింగ్ చూసి పదాల జాబితా తయారుచేసే ప్రోగ్రాములు దీన్ని నిర్మొహమాటంగా వెకేషన్ పక్కన కూర్చోబెడతాయి.

ఇక ‘ఇటీ’. ఇది కూడా ‘షన్’లాగే ఊనికను తన ముందు సిలబుల్‌కి లాక్కుంటుంది. రియల్‌లో ఊనిక మొదట, రియాలిటీలో ‘యా’ మీద. ఎలెక్ట్రిక్‌లో ‘లెక్’ మీద ఉన్నది ఎలెక్ట్రిసిటీలో ‘ట్రి’ మీదికి జరుగుతుంది, పైగా ‘క’ కాస్తా ‘స’ అవుతుంది. కాబట్టి మూల పదాన్ని కాదు, పూర్తి పదాన్నే పలికి చూడాలి. ఎబిలిటీ, హ్యుమిలిటీ, హాస్టిలిటీ, ఫెసిలిటీ ఒక గుంపు. రియాలిటీ, మెంటాలిటీ, పర్సనాలిటీ, ఫార్మాలిటీ ఇంకో గుంపు. క్వాలిటీని కూడా దీంట్లో వేసేస్తారు. స్పెల్లింగ్ అదే, అచ్చు అది కాదు. రియాలిటీలోది ‘క్యాట్’లోని అచ్చు, క్వాలిటీలోది ‘హాట్’లోని అచ్చు. దానికి జత కావాలంటే జాలిటీ, పాలిటీ. ఈక్వాలిటీ పెడదామా అంటే రెండిట్లోనూ ‘క్వా’, ఇందాకటి పొల్యూషన్ కథే.

1775లో జాన్ వాకర్ వేసిన ప్రాస నిఘంటువు పదాలను చివరి అక్షరం నుంచి వెనక్కి, స్పెల్లింగ్ వరసలో పేర్చింది. ఆ పద్ధతిలో క్వాలిటీ, రియాలిటీ ఒకే వరసలోకొస్తాయి. స్పెల్లింగ్ వరసను నమ్ముకునేవాటన్నిటికీ ఈ లోపం ఉంటుంది.

ఇంకో సంగతి. షేక్‌స్పియర్ కాలపు పద్యాలు చదువుతూ ‘షన్’ పదం ఉన్న పాదంలో ఒక సిలబుల్ తక్కువైనట్టు తోస్తే కంగారు పడకండి. పాదం చివర దాన్ని ‘సి-అన్’ అని రెండుగా లెక్కపెట్టిన సందర్భాలు బోలెడు. ఇప్పుడు మనం అలా రాస్తే ఎవరూ ఒప్పుకోరు.

చెవులపిల్లి జవాబు:

‘నెస్’, ‘మెంట్’ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఇవి ఊనికను కదపవు. హ్యాపీలో ఎక్కడుందో హ్యాపీనెస్‌లోనూ అక్కడే. అందుకని ప్రాస పనంతా మూల పదమే చేయాలి. శాడ్, గ్లాడ్, మ్యాడ్ కలుస్తాయి కాబట్టి శాడ్‌నెస్, గ్లాడ్‌నెస్, మ్యాడ్‌నెస్ కలుస్తాయి. కైండ్‌నెస్–బ్లైండ్‌నెస్, వీక్‌నెస్–మీక్‌నెస్ సరే. కైండ్‌నెస్–శాడ్‌నెస్ కాదు.

‘మెంట్’లో బాగా కుదిరేవి: ఎంజాయ్‌మెంట్–ఎంప్లాయ్‌మెంట్, స్టేట్‌మెంట్–అబేట్‌మెంట్, ఆయింట్‌మెంట్–అపాయింట్‌మెంట్. నాకు నచ్చిన జత ఎక్సైట్‌మెంట్–ఇండైట్‌మెంట్. రెండోదాని స్పెల్లింగ్‌లో ఒక ‘సి’ ఉంటుంది, పలకరు. అపాయింట్‌మెంట్–డిజపాయింట్‌మెంట్ మాత్రం వద్దు, ఒకదాని పొట్టలో ఇంకోటి ఉంది. సిమెంట్, లమెంట్‌లలో ఊనిక చివరన పడుతుంది, అవి టెంట్, రెంట్‌లతో కలుస్తాయి.

ఒక వెసులుబాటుంది. ఊనిక తర్వాత రెండు బలహీనమైన సిలబుల్స్ వస్తే, పాదం చివర ఆఖరిదాని మీద కొంచెం బరువు వేయవచ్చు. అలా లోన్లీనెస్ ‘కన్ఫెస్’తో, హ్యాపీనెస్ ‘లెస్’తో, ఎటర్నిటీ ‘మి’, ‘ఫ్రీ’లతో కలుస్తాయి. ఇంగ్లిష్ కవిత్వంలో ఇది పాత అలవాటే. శాడ్‌నెస్‌కి మాత్రం కుదరదు, ఊనిక పక్కనే మళ్లీ బరువు ఆనదు. ‘షన్’ పదాలకూ ఇదే కారణంతో కుదరదు.

పనిచేసేవాళ్లను చెప్పే పదాలు చాలా సుళువు: ‘ఇ-ఆర్’, ‘ఓ-ఆర్’ చివర ఒకే ధ్వని. డ్రైవర్–సర్వైవర్, టైలర్–సెయిలర్, యాక్టర్–ట్రాక్టర్ నిక్షేపంలాంటి ప్రాసలు.

కోడ్‌కూలీ జవాబు:

చెవి మీద నమ్మకం లేనివాళ్లకు ఒక పద్ధతి. సి.ఎం.యు. (అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ) ఉచ్చారణ నిఘంటువు ఉచితంగా దొరుకుతుంది, 1,34,000కు పైగా పదాలు, అమెరికన్ ఉచ్చారణ. ప్రతి అచ్చు సంకేతం చివర ఒక అంకె ఉంటుంది: 1 అంటే ప్రధాన ఊనిక, 2 అంటే రెండో స్థాయి, 0 అంటే ఊనిక లేదు. స్టేషన్ ఇలా ఉంటుంది: ఎస్, టి, ఈవై1, ఎస్‌హెచ్, ఏహెచ్0, ఎన్. ఈక్వేషన్ చివర: ఈవై1, జెడ్‌హెచ్, ఏహెచ్0, ఎన్. ఎక్కడ విడిపోయాయో కంటికే కనబడుతుంది.

పదం చివరి నుంచి వెనక్కి వెళ్లండి. 1 గానీ 2 గానీ ఉన్న మొదటి అచ్చు దగ్గర ఆగి, అక్కడినుంచి చివరిదాకా కోసి పెట్టుకోండి. ఆ ముక్క ఒకటే అయిన పదాలన్నీ ఒక గుంపు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అందుకే ఎడ్యుకేషన్‌కి వెకేషన్ ప్రాస అని స్క్రీన్ మీద వస్తుంది. ఇంకో మెట్టు కావాలి: కోసిన చోటికి ముందున్న హల్లు కూడా తీసుకుని, అదీ ఒకటే అయితే ఆ జతను కొట్టేయండి.

2ని వదిలేసి 1నే చూస్తే టెలివిజన్ దారి తప్పుతుంది. దాని ప్రధాన ఊనిక మొదటి సిలబుల్ మీద ఉంది, ‘వి’ మీద ఉన్నది 2. డెసిజన్‌తో దాన్ని కలపాలంటే 2 దగ్గర ఆగాల్సిందే.

పాదచారి:

నా పాత ఫైలులో ఎడ్యుకేషన్–అప్లికేషన్ జతలే పదకొండు తేలాయి. ఒక్కో జతలో ఒకదాన్ని తీసి ఫౌండేషన్, టెంప్టేషన్, కాన్వర్సేషన్ పెడుతున్నాను. ఒక చోట ఓషన్‌కి ఎమోషన్ ఉంది, అది ఉంచుకోవచ్చా?

ధ్వనిలిపి:

ఉంచుకోండి. ఓషన్‌లో అచ్చుకు ముందు హల్లే లేదు, ఎమోషన్‌లో ‘మ’ ఉంది. కాకపోతే చాలా వాడేసిన జత. నోషన్, లోషన్ కూడా ఒకసారి పెట్టి చూడండి.