అప్‌డేట్: అమ్మ ఉంటున్న కేర్ హోమ్‌లో కోవిడ్ జాగ్రత్తలు

"కేర్ హోమ్‌లో ఉన్న అమ్మను చూడనివ్వడం లేదు, వాళ్లను ఏమని అడగాలి?" అని పోయిన వారం అడిగాను కదా. మీరన్నట్టే నేరుగా మేనేజర్‌తో మాట్లాడాను. సిబ్బందిలో ఒకరికి పాజిటివ్ వచ్చిందట. ఆ ముక్క ముందే చెబితే మాకింత టెన్షన్ ఉండేది కాదు. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి 14 రోజుల దాకా పట్టొచ్చు కాబట్టి అన్నాళ్లూ ఎవరినీ లోపలికి రానివ్వరట. మొదట్లో నెగెటివ్ వచ్చినా నమ్మలేమని టెస్టులు మళ్లీ చేస్తున్నారు. ఒక అంతస్తులో పనిచేసేవాళ్లను ఇంకో అంతస్తుకు పంపడం లేదు. కిటికీలు తెరిచే ఉంచుతున్నారు.

అమ్మ గొడవ వేరే. అసలే చెవులు అంతంతమాత్రం, పెదాలు చూసి మాట పోల్చుకునేది. ఇప్పుడు అందరికీ మాస్కులే! కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించమన్నాను, సరేనన్నారు. ఇకపై రోజూ సాయంత్రం కుటుంబాలకు మెసేజ్ పెడతామన్నారు. నిన్న మొదటిది వచ్చింది.