ఉన్నది ఒక్కటే బేస్ గిటార్ అయితే ఫ్లాట్‌వౌండ్ తీగలు వెయ్యొచ్చా?

మంద్రం4:
నా దగ్గరున్నది ఒక్కటే బేస్, నాలుగు తీగల ప్రెసిషన్ రకం. ఇన్నాళ్లూ 45-105 (సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యోవంతుల్లో) రౌండ్‌వౌండ్ తీగలే వాడాను. రికార్డింగ్‌లో ఎడమ చెయ్యి జరిగినప్పుడల్లా జర్రుమనే సద్దు ట్రాక్‌లో పడుతోంది. విసుగొచ్చేసింది. నున్నటి ఫ్లాట్‌వౌండ్లు (ఫ్లాట్స్) వేద్దామంటే మా డ్రమ్మర్ "దుప్పటి కప్పి వాయించినట్టుంటుంది, పైగా బొటనవేలితో తీగని కొట్టే స్లాప్ పోతుంది" అంటున్నాడు. మావి ఎక్కువ మెలొడీలే, ఫంక్ రెండో మూడో ఉంటాయి. ఏం చెయ్యమంటారు?

రౌండ్‌రాయుడు:
వద్దు. రెండు బేస్‌లుంటే ఒకదానికి వేసుకోండి, కాదనను. రౌండ్స్‌లో మెరుపు అక్కర్లేనప్పుడు టోన్ నాబ్ తిప్పి తగ్గించుకోవచ్చు. ఫ్లాట్స్‌లో లేని మెరుపుని ఏ నాబూ పుట్టించలేదు. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగల కింద స్పాంజ్ ముక్క దూర్చి, టోన్ సగానికి దించి చూడండి. పైసా ఖర్చు లేదు.

పాతతీగ:
రాయుడు గారూ, ఆయన అడిగింది మెరుపు గురించి కాదు, జర్రు గురించి. టోన్ నాబ్ దించితే ఆ సద్దు కాస్త మెత్తబడుతుందేమో గానీ వేలి కింద గరుకు ఎక్కడికి పోతుంది? రౌండ్స్‌కి పైన చుట్టేది గుండ్రటి తీగ, ఫ్లాట్స్‌కి చుట్టేది చదునైన రిబ్బన్. వేలు నున్నగా జారేది అందుకే. రౌండ్స్ చుట్ల మధ్య సందుల్లో చెమటా మురికీ చేరి కొన్ని వారాలకే గొంతు పోతుంది. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ ఫ్లాట్స్ దగ్గర ఆ మాట తిరగబడుతుంది. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద లా బెల్లా కంపెనీ 52-110 ఫ్లాట్స్ వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు.

రౌండ్‌రాయుడు:
జేమర్సన్ పేరు రాకుండా ఈ చర్చ ఏనాడైనా ముగిసిందా! ఆయన బ్రిడ్జి కవర్ కింద ఫోమ్ ఉండేది, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) బాగా ఎక్కువ, కుడిచేతిది ఒక్క వేలే. ఘనతంతా తీగకి కట్టబెట్టకండి. ఫ్లాట్సే చాలితే 1966లో ది హూ రాక్ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్విజిల్ తీగలు చేసే రోటోసౌండ్ వాళ్లతో కూర్చుని రౌండ్‌వౌండ్ సెట్ ఎందుకు చేయించుకున్నట్టు?

పాతతీగ:
చెయ్యి ముఖ్యమని మీరే అన్నారుగా, అయితే ఇది వినండి. హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ బేసిస్ట్ స్టీవ్ హారిస్ వాడేది రోటోసౌండ్ ఫ్లాట్సే, 50-110. ఆ టకటకలో దుప్పటి ఎక్కడ వినిపించింది మీకు?

ఫ్రెట్‌లెస్:
నాకు ఈ గొడవ లేదు, నాది ఫ్రెట్లు (మెట్లు) లేని బేస్, రౌండ్స్ వేస్తే ఫింగర్‌బోర్డ్ చెక్క గీరుకుపోతుంది. ఫ్రెట్‌లెస్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ రౌండ్సే కావాలనుకుని చెక్క మీద గట్టిపడే ఎపాక్సీ పూశాడు. అంత ఓపిక నాకు లేదు.

ఊరికే_వచ్చా:
మెరుపు, మొద్దు అని కొట్టుకుంటున్నారు గానీ చేతికి ముందు తెలిసేది బిగువు. దాన్ని ఎవరూ ఎత్తలేదు. సాధారణంగా ఒకే మందంలో రౌండ్స్ కంటే ఫ్లాట్స్ బిగువుగా ఉంటాయి. మంద్రం గారు నేరుగా 52-110 వేస్తే నెక్ ముందుకు వంగుతుంది, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పక తప్పదు. థొమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్ (43-100) దీనికి పూర్తిగా ఎదురు, చాలా వదులు. గట్టిగా లాగి వాయించే చెయ్యైతే ఫ్రెట్ల మీద గలగలమంటాయి. డాడారియో క్రోమ్స్ 45-100 మధ్యస్థం, ఫ్లాట్స్‌లో కాస్త వెలుగున్నవి. రౌండ్స్ నుంచి వచ్చేవాళ్లకి నేను చెప్పేది అవే.

ఇంకో మాట, ఇది నా చేతులారా చేసుకున్నది. మొదటిసారి ఫ్లాట్స్ వేసినప్పుడు అన్నిటికంటే లావైన ఇ (E) తీగని కొలిచి, మడవకుండానే కటింగ్ ప్లేయర్‌తో టక్కున తెంపాను. పైచుట్టు కోర్ (లోపలి తీగ) మీద సడలిపోయింది. కొత్త సెట్టు, మొదటి అయిదు నిమిషాలు, తీగ మూగ! ముందు తీగ చుట్టే మేకు దగ్గర తొంభై డిగ్రీలకు మడవాలి, ఆ మడత దాటాకే కత్తిరించాలి. మీ బేస్‌లో తీగలు బాడీ వెనక నుంచి వచ్చేటట్టుంటే, వీలైతే బ్రిడ్జి మీదుగానే వెయ్యండి. ఆ మలుపు దగ్గర ఫ్లాట్స్ దెబ్బతినే ప్రమాదముంది.

మంద్రం4:
క్రోమ్స్ వేశాను. రౌండ్స్ చుట్టి కవర్లో దాచాను. జర్రు పోయింది, అదొక్కటీ నిజం. ఇ తీగ కాస్త మొద్దుగా ఉందనిపించి ఆంప్‌లో మిడ్స్ (మధ్య స్థాయి ధ్వని) పెంచాను. తీగలు మార్చినట్టు డ్రమ్మర్‌కి చెప్పలేదు. రెండు మెలొడీలయ్యాక "ఇవాళ నా సింబల్స్ బాగా వినిపిస్తున్నాయేంటి" అన్నాడు. ఫంక్ పాట దగ్గర మాత్రం బొటనవేలితో కొడితే తలుపు తట్టినట్టే వచ్చింది. దాన్ని పిక్‌తో లాగించాను.

రౌండ్‌రాయుడు:
పిక్‌తో ఫంక్! రెండో బేస్ కొనండి మహానుభావా.