ముంజేయి ఎక్కడ మొదలవుతుంది?

శ్రీకాకుళం నుంచి, జీవశాస్త్ర ఉపాధ్యాయిని: రేపటి పాఠం కోసం ముంజేతి కండరాల బొమ్మ గీస్తుండగా ‘ముంజేతి కంకణానికి అద్దమెందుకు’ అన్న సామెత గుర్తుకొచ్చి చేయి ఆగిపోయింది. కంకణం ఉండేది మణికట్టు దగ్గర కదా, మరి మోచేతి దాకా ఉన్న భాగమంతటికీ ఆ పేరు రాయవచ్చునా? మా అమ్మమ్మ ‘ముంజేతి’ అనేదో, ‘మునిచేతి’ అనేదో కూడా ఇప్పుడు గుర్తు రావడం లేదు.

విజయనగరం నుంచి, విశ్రాంత తెలుగు పండితుడు: నిస్సంకోచంగా రాయండమ్మా. అమరకోశం మోచేతికి పైభాగాన్ని ప్రగండమనీ, కింది భాగాన్ని ప్రకోష్ఠమనీ చెప్పింది; మన ముంజేయి ఆ ప్రకోష్ఠమే. ఇందులో ‘ముం’ అన్నది ‘మును’, అంటే ముందు. ‘చాయ’ కలిసిన ‘కెంజాయ’లో వలెనే ఇక్కడా చకారం జకారమైంది. కంకణం ఆ భాగపు చివరన నిలిచినంత మాత్రాన పేరును అక్కడికే కుదించలేము.

పొందూరు నుంచి, ఖాదీ వడికే ఇంటి ఆడపడుచు: మాస్టారూ, మునివేళ్లు, మునిగాళ్లు అన్న మాటల్లోని ‘ముని’ కొసను చెబుతుంది కదా, ముంజేయిలో ఉన్నదీ అదే ఎందుకు కాకూడదు? అయితే నా వాదానికి ఎదురు నిలిచే సంగతిని దాచను. వాలుగ చేప దవడతో పత్తి ఏకిన రోజున మా పెద్దమ్మ ‘ముంజేయి పీకుతోంది’ అంటూ మోచేతి కిందనే పట్టుకునేది.

శ్రీకాకుళం నుంచి, ఫిజియోథెరపిస్టు: ఆవిడ సరిగ్గానే పట్టుకున్నారు. వేళ్లలో వాటిని కదిలించే కండరాలు లేవు. పిడికిలి బిగించే బలం ముంజేతి నుంచే వస్తుంది. అక్కడున్న సుమారు 20 కండరాలలో ముందువైపు 8 ముఖ్యంగా మణికట్టునూ వేళ్లనూ ముడుస్తాయి, వెనుకవైపు 12లో చాలావరకు వాటిని చాపుతాయి. కండ మోచేతి దగ్గర లావుగా ఉండి, మణికట్టుకు వచ్చేసరికి మనం వాడుకలో నరాలని పిలిచే టెండాన్లుగా, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లుగా సన్నబడుతుంది. బొటనవేలును చిటికెనవేలికి ఆనించి మణికట్టును వంచి చూడండి. నడుమ ఉబ్బేది పాల్మారిస్ లాంగస్ అనే కండరపు టెండాన్. కొందరికి పుట్టుకతోనే ఆ కండరం ఉండదు.

విజయనగరం నుంచి, పండితుడు: ‘కండ’ అన్నారు గనుక ఒక్క మాట. మా ఊరి గురజాడ ‘తిండి కలిగితె కండ కలదోయ్’ అన్నచోట చిన్నప్పుడు మేమంతా జబ్బ చూపేవాళ్లం. కండ అంటే మాంసమనీ, బలమనీ రెండర్థాలూ ఉన్నాయి. ఆ పాదంలో ‘మనిషి’కి అవి రెండూ కావాలి. రాట్నం దగ్గర కూర్చున్న పెద్దమ్మ ముంజేయి కూడా ఆ కండలోదే అని ఇప్పుడు తోస్తోంది.

పొందూరు నుంచి: ‘ముని’ని మాత్రం నేను ఇంకా వదులుకోలేదు మాస్టారూ.

శ్రీకాకుళం నుంచి, ఉపాధ్యాయిని: బొమ్మ మీద మోచేతి నుంచి మణికట్టు దాకా ‘ముంజేయి’ అని రాశాను. అమ్మమ్మ మాట ఏదో మా పిన్నిని అడగాలి.